బొమ్మను చదివి రాయడం: ఫాంటసీ గ్రాఫిక్ నవలలు, కావ్యాల కామిక్‌లను సమీక్షించే పద్ధతి

తెలుగులో కామిక్ పుస్తకాల మీద వచ్చే సమీక్షలు చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. కథ మొత్తం చెప్తారు, మూల రచయిత గొప్పతనం చెప్తారు, చివర్లో "బొమ్మలు కూడా బాగున్నాయి" అని ఒక్క ముక్క కలిపి ముగిస్తారు. నెలల తరబడి బల్ల మీద వంగి ఒక్కో గడి (పేజీలో ఒక్కో బొమ్మ ఉండే చట్రం) గీసిన మనిషికి దక్కేది ఆ ఒక్క ముక్కే. కామిక్‌లో కథ నడిపేది బొమ్మ. దాని గురించి మాట్లాడకుండా రాసినది ఎంత బాగున్నా, అది ఆ పుస్తకం మీద సమీక్ష అనిపించుకోదు. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క పట్టుదలతో రాస్తున్నాను.

వరంగల్, జనగామ, సిద్దిపేట వైపు వాళ్లకు బొమ్మల్లో కథ చూడటం తరాల నుంచి ఉన్న అలవాటు. చేర్యాల పటం ఒకసారి దగ్గరగా చూడండి. నిలువుగా విప్పుకుంటూ పోయే పొడవాటి గుడ్డ, ఎర్రటి నేల, అడ్డంగా పూల అంచులతో విడదీసిన వరసలు, ఒక్కో వరసలో ఒక్కో ఘట్టం. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్లు, జాంబ పురాణం చెప్పే డక్కలి వాళ్లు పటం ముందు నిలబడి, బొమ్మ చూపిస్తూ కథ చెప్తారు. ఒక బొమ్మకు, తర్వాతి బొమ్మకు మధ్య ఉన్న ఖాళీని అక్కడ కథకుడి గొంతు నింపుతుంది. కామిక్‌లో ఆ గొంతు ఉండదు. ఆ ఖాళీని చదివేవాళ్లే నింపుకోవాలి. గీసినవాళ్లు అందుకు ఎంత సాయం చేశారు, ఎక్కడ వదిలేశారు అన్నది కనిపెట్టడమే సమీక్షకుల అసలు పని.

1. చేతిలో ఉన్నది ఏ రకం పుస్తకమో ముందు తేల్చుకోండి

బొమ్మలున్న ప్రతి పుస్తకమూ కామిక్ కాదు. 1947 జూలైలో మొదలైన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం జానపద సీరియళ్లకు చిత్ర అనే చిత్రకారుడు వేసిన బొమ్మలు మన తెలుగు వాళ్లకు ఫాంటసీ ఎలా ఉంటుందో నేర్పాయి. మాంత్రికుల గడ్డాలు, కొండగుహలు, వింత జంతువులు ఈనాటికీ కళ్లముందు ఉంటాయి. అయినా అవి కామిక్‌లు కావు. బొమ్మ తీసేసినా కథ చదువుకోవచ్చు. బెర్నీ రైట్సన్ 1983లో ఫ్రాంకెన్‌స్టైన్ నవలకు వేసిన నలుపు తెలుపు బొమ్మలూ అంతే. గీతలు చూస్తుంటే కళ్లు తిప్పుకోలేం, కానీ కథ నడిపేది మేరీ షెల్లీ వచనమే. ఇలాంటి పుస్తకాన్ని కామిక్ కొలతలతో కొలిస్తే గీసినవాళ్లకు అన్యాయం జరుగుతుంది.

రెండో రకం, కావ్యాన్నో నవలనో కామిక్‌గా మార్చినవి. అమెరికాలో 1941లో ఆల్బర్ట్ కాంటర్ మొదలుపెట్టిన క్లాసిక్స్ ఇల్లస్ట్రేటెడ్ వరస, మన దగ్గర 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన అమర్ చిత్ర కథ ఈ కోవలోవి. వీటిని మూలంతో పక్కపక్కన పెట్టి చదవక తప్పదు.

మూడోది తిరిగి చెప్పడం. మూలకథను ఆధారంగా పట్టుకుని వేరే కోణం నుంచి కొత్తగా కట్టే రకం. 2011లో తారా బుక్స్ వేసిన సీతాస్ రామాయణలో పటాలు గీసే బెంగాల్ పటువా చిత్రకారిణి మొయినా చిత్రకర్ బొమ్మలు, సంహిత ఆర్ని మాటలు కలిసి రామాయణాన్ని సీత వైపు నుంచి చెప్తాయి. నీల్ గైమన్ శాండ్‌మ్యాన్ వరసలో 19వ సంచిక, చార్ల్స్ వెస్ గీసినది, షేక్‌స్పియర్ నాటకాన్ని నాటకంగా చూపించదు. షేక్‌స్పియర్ బృందం ఆ నాటకాన్ని నిజమైన దేవకన్యల ముందు, వాళ్ల రాజురాణుల ముందు ఆడితే ఎలా ఉంటుందో చూపిస్తుంది. 1991లో వరల్డ్ ఫాంటసీ అవార్డును చిన్నకథ విభాగంలో ఒక కామిక్ గెలుచుకుంది ఈ సంచికతోనే. ఇలాంటి పుస్తకాల దగ్గర "మూలంలో లేదు" అనడం విమర్శ కాదు. లేనిది ఎందుకు తెచ్చారు, తెచ్చినందుకు ఏం దక్కింది అన్నదే ప్రశ్న.

నాలుగోది ఏ మూలమూ లేని సొంత ఫాంటసీ. జపాన్ చిత్రకారుడు మియజాకి 1982 నుంచి 1994 దాకా గీసిన నౌసికా లాంటివి. ఇలాంటి లోకాలను ఎలా పరీక్షించాలో అయిదో మెట్టులో చెప్తాను.

ఏ రకమో మీ సమీక్ష మొదటి పేరాలోనే పాఠకులకు తెలియాలి. చదివేవాళ్లు ఏ అంచనాతో పుస్తకం తెరవాలో దాన్ని బట్టే ఉంటుంది.

2. చదివే వరస

మొదటిసారి పెన్ను ముట్టుకోకండి. మామూలు పాఠకుల్లా, ఆగకుండా చదివేయండి. ఎక్కడ నవ్వొచ్చింది, ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ అర్థంకాక వెనక్కి వెళ్లారు, ఇవి మాత్రం గుర్తుండనివ్వండి.

రెండోసారి చిన్న కాగితాలు పెట్టుకుని చదవండి. వెనక్కి వెళ్లిన చోటల్లా ఒక కాగితం పెట్టండి. తప్పు మీదా, పేజీదా అని తర్వాత చూసుకోవచ్చు.

మూడోసారి రెండు పరీక్షలు పెట్టండి. ఒక నాలుగు పేజీలు తీసుకుని, మాటల బుడగలన్నీ కాగితం ముక్కలతో మూసేయండి. కథ ఏం జరుగుతోందో ఎంతవరకు తెలుస్తోంది? ఎవరు ఎవరి మీద కోపంగా ఉన్నారో, ఎవరు భయపడుతున్నారో తెలిస్తే బొమ్మ పని చేస్తున్నట్టే. తర్వాత ఉల్టా చేయండి. బొమ్మలు మూసి మాటలు మాత్రమే చదవండి. ఒక్క అక్షరం నష్టపోకుండా కథ మొత్తం అర్థమైపోతే ఆ బొమ్మలు అలంకారానికి వేసినవే. సాహిత్యాన్ని కామిక్ చేసే పుస్తకాల్లో ఎక్కువ భాగం ఓడిపోయేది ఈ రెండో పరీక్షలోనే. మూల రచయిత మీద గౌరవం కొద్దీ వాక్యాలు వదలలేక, గడి పైన పెద్ద పెట్టెల్లో దించేస్తారు. "అతను గుర్రమెక్కి అడవిలోకి వెళ్లాడు" అని పైన రాసి ఉంటుంది, కింద అతను గుర్రమెక్కి అడవిలోకి వెళ్తుంటాడు. ఒకే సంగతి రెండుసార్లు.

ఇంట్లో కథ తెలియని పిల్లలుంటే మాటలు మూసిన పేజీలు వాళ్ల చేతికిచ్చి కథ చెప్పమనండి. వాళ్లు ఎక్కడ ఆగిపోతారో అక్కడ సమీక్షకు పనికొచ్చేది ఏదో ఉంటుంది.

3. గడి, సందు, పేజీ తిప్పడం

కామిక్‌లో కాలం గడిచేది గడికీ గడికీ మధ్య ఉన్న తెల్లటి సందులో. కత్తి ఎత్తినట్టు ఒక గడి, కింద పడిన కిరీటం ఇంకో గడి. నరికింది ఎక్కడ? మన తలలో. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో అండర్‌స్టాండింగ్ కామిక్స్ అనే పుస్తకంలో, తానే కామిక్ పాత్రగా మారి, దీన్నంతా విడమరిచి చెప్పాడు. ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్లే తీరును ఆరు రకాలు చేశాడు. క్షణం నుంచి క్షణానికి, పని నుంచి పనికి, మనిషి నుంచి మనిషికి, చోటు నుంచి చోటుకు, ఒకే చోట ఒక అంశం నుంచి ఇంకో అంశానికి, ఏ సంబంధమూ లేకుండా. పేర్లు గుర్తు లేకపోయినా ఫర్వాలేదు. మీ పుస్తకంలో ఏది ఎక్కువ వాడారో చూడండి చాలు. కావ్యాల కామిక్‌లు తొందరలో ఉంటాయి. అమర్ చిత్ర కథ మామూలు సంచికకు 32 పేజీలే, అందులో ఒక మనిషి పుట్టుక నుంచి చివరిదాకా చెప్పాలి. అందుకే చోటు నుంచి చోటుకు గంతులు ఎక్కువ. గంతు వేయడం తప్పు కాదు. ఏ ఘట్టం దగ్గర ఆగి నెమ్మదించారో చూస్తే, ఈ కథలో వాళ్లకు ఏది ముఖ్యమో తెలిసిపోతుంది. ఆ సంగతి సమీక్షలో తప్పకుండా రాయండి.

పేజీ తిప్పే చోటు కూడా గమనించండి. కుడి పేజీలో చివరి గడి ఒక ఆశ పుట్టిస్తుంది, పేజీ తిప్పగానే జవాబు రావాలి. రాక్షసుడు మొదటిసారి కనపడటం, గుహ తలుపు తెరుచుకోవడం లాంటివి ఎడమ పేజీలో పడితే దెబ్బ గట్టిగా తగులుతుంది. అదే కుడి పేజీలో పడితే, పేజీ తిప్పగానే కన్ను ముందు అక్కడికే పోతుంది, ఎడమవైపు కట్టుకొచ్చిన ఉత్కంఠ వృథా. జపనీస్ మాంగా అయితే ఇదంతా తిరగబడుతుంది, ఎందుకంటే అది కుడి నుంచి ఎడమకు చదవాలి. ఫోన్లో ఒక్కో పేజీ విడిగా చదివినవాళ్లకు ఈ లెక్క కనపడదు. వీలైనంతవరకు అచ్చు పుస్తకం చూసి రాయండి. దొరకక ఫోన్లో చదివితే ఆ మాట సమీక్షలో చెప్పేయండి.

4. మూలంతో పోల్చడం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. "మూలానికి న్యాయం చేసింది", "మూలానికి అన్యాయం చేసింది" అనే తీర్పులు చదివేవాళ్లకు ఏమీ చెప్పవు. పుస్తకం మొత్తాన్ని పోల్చాలని కూర్చుంటే మీకే ఊపిరాడదు. ఒక్క ఘట్టం ఎంచుకోండి. దాన్ని మూలంలో చదవండి, కామిక్‌లో చదవండి. మూడు వరసలు రాసుకోండి: ఏం ఉంచారు, ఏం వదిలారు, ఏం కలిపారు. ఆ తర్వాత నాలుగో వరస, అదే అన్నిటికంటే విలువైనది: మాటతో చెప్పిన ఏ సంగతిని బొమ్మతో చెప్పారు?

అభ్యాసానికి మన పోతన కంటే మంచి గురువు దొరకడు. జనగామ జిల్లా పాలకుర్తి దగ్గరి బమ్మెర ఆయన ఊరు. గజేంద్ర మోక్షంలో ఒకదాని వెంట ఒకటి వచ్చే మూడు పద్యాలు తీసుకుందాం. చాలామందికి నోటికి వచ్చినవే.

మొదటిది "అల వైకుంఠపురంబులో". ఈ పద్యం నడక గమనించండి. ముందు వైకుంఠం, అందులో నగరి, అందులో ప్రధాన సౌధం, దాని పక్కన మందార వనం, వనం లోపల అమృత సరస్సు, ఒడ్డున చంద్రకాంత శిల, దాని మీద కలువల పాన్పు, పాన్పు మీద లక్ష్మితో వినోదిస్తున్న విష్ణువు. దూరం నుంచి దగ్గరికి, పెద్దదాని నుంచి చిన్నదానికి పద్యం మనల్ని చేయి పట్టుకుని తీసుకెళ్తుంది. చివరికి ఏనుగు మొర ఆ చెవిన పడుతుంది. చిత్రకారులకు పోతన గడులు గీసి ఇచ్చేశాడు. ఒక్కో గడిలో దృశ్యం బిగుసుకుంటూ పోతే సరిపోతుంది. గజేంద్ర మోక్షం కామిక్ ఎవరైనా వైకుంఠం మొత్తం ఒకే పెద్ద బొమ్మలో చూపించేస్తే, ఆ బొమ్మ ఎంత అందంగా ఉన్నా, పద్యంలోని ప్రయాణం పోయినట్టే. సమీక్షలో రాయాల్సింది ఇది.

రెండోది "సిరికిం జెప్పడు". ఇందులో ఉన్నవన్నీ విష్ణువు చేయని పనులు. లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు చేతుల్లోకి తీసుకోడు, పరివారాన్ని పిలవడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించడు, చెవులమీదికి జారిన జుట్టు సవరించుకోడు, ప్రణయకలహంలో పట్టుకున్న లక్ష్మి పమిట చెంగు కూడా వదలడు. మాటకు "చేయడు" అనడం తేలిక. బొమ్మకు ఆ వీలు లేదు. చేయని పనిని ఎలా గీస్తారు? దారులున్నాయి. ఖాళీ గూట్లో ఉన్న శంఖచక్రాలు ఒక చిన్న గడి. ఇంకా కళ్లు మూసుకుని ఉన్న గరుత్మంతుడు ఒక గడి. మాట పూర్తిచేయకుండా ఆగిపోయిన లక్ష్మి నోరు ఒక గడి. చివరి గడిలో చెంగు బిగుసుకుని ఉంటుంది, దాన్ని పట్టుకున్న చేయి అప్పటికే గడి అంచు దాటి సగం బయటికి వెళ్లిపోయి ఉంటుంది. ఇలా ఏదో ఒక ఉపాయం పన్నిన చిత్రకారుడిని పేరుపెట్టి మెచ్చుకోవాలి. ఏ ఉపాయమూ లేకుండా గాల్లో ఎగురుతున్న విష్ణువు బొమ్మ వేసి, పైన పెట్టెలో పద్య తాత్పర్యం అచ్చేస్తే, ఆ సంగతీ అంతే స్పష్టంగా చెప్పాలి.

మూడోది "తన వెంటన్ సిరి". ఆయన వెనుక లక్ష్మి, ఆమె వెనుక అంతఃపుర స్త్రీలు, వాళ్ల వెనుక గరుత్మంతుడు, పక్కన ధనుస్సు, గద, శంఖం, చక్రం, నారదుడు, సేనాపతి, చివరికి వైకుంఠంలోని పిల్లాపెద్దా అందరూ. ఇది గడుల్లో పట్టదు. రెండు పేజీలు కలిపి ఒక్క బొమ్మగా పరచాల్సిన చోటు. ఇలా పేజీ నిండా పరిచే బొమ్మను కామిక్ వాళ్లు స్ప్లాష్ అంటారు. స్ప్లాష్ పేజీలు ఖరీదైనవి, వాడిన ప్రతిసారీ కథకు ఆ మేరకు చోటు తగ్గుతుంది. ఇంత గుంపు కదిలే చోట స్ప్లాష్ వాడకుండా, ఎక్కడో రాజసభలో ఇద్దరు మాట్లాడుకునే చోట వాడితే ఎంపిక సరిగా లేనట్టే.

ఒకే ఘట్టం, మూడు పద్యాలు, మూడు వేరు వేరు సమస్యలు. ఈ చూపు అలవాటైతే ఏ దేశపు కావ్యం మీదైనా పనిచేస్తుంది. ఒక మనిషి పురుగుగా మారిపోయే కాఫ్కా కథ మెటమార్ఫసిస్ సంగతి చూడండి. 1915లో పుస్తకం అచ్చవుతున్నప్పుడు, అట్ట మీద ఆ పురుగును మాత్రం గీయించవద్దు, దూరం నుంచి కూడా చూపించవద్దు అని కాఫ్కా ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. పాఠకుల ఊహలో ఉండాల్సిన దాన్ని కామిక్ కాగితం మీద పెట్టక తప్పదు. 2003లో పీటర్ కూపర్ ఆ కథను నలుపు తెలుపుల్లో కామిక్‌గా గీసి ఆ పురుగును చూపించాడు. చూపించడం వల్ల కథలో ఏ భయం పెరిగింది, ఏ అనుమానం పోయింది అన్న ఒక్క ప్రశ్న మీదే మంచి సమీక్ష రాయొచ్చు.

మూలం దొరకదేమో అని టెన్షన్ పడక్కర్లేదు. హనుమకొండలో 1904 నుంచి ఉన్న శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం లాంటి పాత గ్రంథాలయాలకు ఒక మధ్యాహ్నం కేటాయించండి. ఎంచుకున్న ఘట్టం వరకు చేత్తో రాసుకుని తెచ్చుకున్నా చాలు.

5. ఫాంటసీ లోకాన్ని పరీక్షించడం

ఫాంటసీలో ఏదైనా జరగొచ్చు అనుకుంటే పొరపాటు. ఆ లోకానికి దాని నియమాలు ఉంటాయి, అవి బొమ్మలో కనపడాలి. మంత్రం వేస్తే ఏం ఖర్చవుతుంది? మంత్రగాడు అలసిపోతాడా, జుట్టు నెరుస్తుందా, ఏమీ కాదా? ఏమీ కాకపోతే ఆపద వచ్చిన ప్రతిసారీ ఇంకో మంత్రం వేసుకోవచ్చు, ఇక భయమెక్కడిది? పన్నెండో పేజీలో కోటగోడ అంత ఎత్తున్న భూతం నలభయ్యో పేజీలో గుమ్మంలోంచి ఎలా దూరింది? ఇలాంటివి కాగితం మీద రాసుకోండి. కోట ఉత్తరాన ఉందన్నారు, సూర్యోదయం ఎటు చూపించారు? పటం ఇచ్చిన పుస్తకమైతే పాత్రల ప్రయాణాన్ని వేలితో ఆ పటం మీద నడిపించి చూడండి.

మన చరిత్ర నేపథ్యంగా వచ్చే ఫాంటసీలకు మనం ఇంకాస్త కచ్చితంగా ఉండొచ్చు, ఎందుకంటే ఆధారాలు మన కళ్లముందే ఉన్నాయి. కథ రుద్రమదేవి ఓరుగల్లులో జరుగుతోందంటే కోట తోరణాలు, లోపలి రాతి గోడ, బయటి మట్టి గోడ, అగడ్త ఎలా ఉంటాయో ఖిలా వరంగల్ వెళ్లి చూడొచ్చు. నగలు, నాట్య భంగిమలు, స్త్రీల కొప్పులు ఎలా ఉండేవో పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి చెప్తుంది. 2021లో యునెస్కో జాబితాకెక్కాక ఆ శిల్పాల ఫోటోలు ఎన్నో దొరుకుతున్నాయి కూడా. కాకతీయుల రాజభవనానికి గుమ్మటాలు, మినార్లు గీస్తే చిత్రకారుడు తరువాతి కాలపు కట్టడాలు చూసి గీసినట్టు తెలిసిపోతుంది. వంటింటి దృశ్యంలో ఎండు మిరపకాయల దండ వేలాడదీస్తే అదీ అంతే. ఈనాడు ఎనుమాముల మార్కెట్ యార్డు మిర్చితో ఎర్రబడుతుంది గానీ, మిరప మన దేశానికి పోర్చుగీసు వాళ్లతో వచ్చింది. కాకతీయ రాజ్యం పోయింది 1323లో.

అయితే ఒక సంగతి. పుస్తకం "ఇది ఓరుగల్లు" అని చెప్పుకుంటేనే ఈ లెక్క. ఓరుగల్లు వాసన ఉన్న ఊహాలోకం అని చెప్పుకున్న పుస్తకంలో మిరపకాయలు పట్టుకుని తప్పులెన్నడం చిన్నతనం. అక్కడ అడగాల్సింది వేరే: ఆ లోకం ఇరవయ్యో పేజీలో ఎలా ఉందో ఎనభయ్యో పేజీలోనూ అలాగే ఉందా?

6. అక్షరాలు, బుడగలు, చప్పుళ్లు

తెలుగు సమీక్షకులు తప్ప ఇంకెవరూ చూడలేని భాగం ఇది, కాబట్టి వదలొద్దు. ఇంగ్లీషు కోసం గీసిన బుడగలో తెలుగు అనువాదం కూర్చోబెట్టినప్పుడు రెండు ఇబ్బందులు వస్తాయి. మాట పొడుగవుతుంది. దానికి తోడు మన అక్షరాలకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి. రాష్ట్రం, లక్ష్మి లాంటి మాటలున్న వరస కింద తగినంత చోటు ఇవ్వకపోతే ఒత్తు కింది వరస గుడిని ఢీకొంటుంది. చోటు చాలక అక్షరాన్ని చిన్నది చేస్తారు. పిల్లల పుస్తకంలో అది పెద్ద లోపం. ఒక పేజీని చేయి చాచినంత దూరంలో పెట్టి చదవండి. కళ్లు చిట్లించాల్సి వస్తే ఆ మాట రాయండి.

చప్పుళ్ల సంగతి మరీ ముఖ్యం. ధడేల్, ఛెళ్లున, ఫెళఫెళ, గలగల, దబ్బున. మన భాషకు ఈ సంపద ఎంత ఉందో! అయినా అనువాద కామిక్‌లలో ఇంగ్లీషు చప్పుళ్లను అలాగే వదిలేయడమో, తెలుగు లిపిలోకి ఉన్నదున్నట్టు ఎక్కించడమో కనిపిస్తుంది. చప్పుడు అక్షరం బొమ్మలో భాగం. పిడుగు పడ్డప్పుడు అక్షరం కూడా విరగాలి. అలా చేతితో గీసి చేర్చారా, కంప్యూటర్ ఫాంటులో అతికించారా అన్నది చూస్తే పుస్తకం మీద ఎంత శ్రద్ధ పెట్టారో అర్థమవుతుంది.

ఎవరి నోట ఏ తెలుగు ఉందో కూడా వినండి. రాజు గ్రాంథికం, మంత్రి గ్రాంథికం, హాస్యానికి వచ్చే దొంగకు మాత్రం తెలంగాణ యాస, ఇలాంటి పంపకం కనపడితే ఊరుకోకండి. మన మాట నవ్వించడానికే అన్న పాత అలవాటు బుడగల్లోకి కూడా రాకూడదు.

7. ఎవరిని ఏ రంగులో గీశారు

పురాణ కామిక్‌ల మీద చాలాకాలంగా ఉన్న విమర్శ ఇది. మంచివాళ్లు తెల్లగా, సన్నగా, కోటేరు ముక్కుతో; రాక్షసులు నల్లగా, లావుగా, చప్పిడి ముక్కుతో. అమర్ చిత్ర కథ మీదా ఈ విమర్శ గట్టిగానే వచ్చింది. మీ చేతిలోని పుస్తకంలో ఓడినవాళ్ల ముఖాలు వరసగా చూడండి, గెలిచినవాళ్ల ముఖాలు వరసగా చూడండి. తేడా ఉంటే పేజీ నంబరుతో రాయండి. అడవిలో బతికేవాళ్లను ఎలా గీశారన్నది ములుగు, మేడారం పక్కన బతికే మనకు పైపై విషయం కాదు. ఆడవాళ్ల పాత్రలు యుద్ధంలో ఏం తొడుక్కున్నారో, ఆ దుస్తులతో నిజంగా కత్తి తిప్పగలరో లేదో అన్నదీ అడగదగ్గ ప్రశ్నే.

8. రాయడం

రాసుకున్న కాగితాలన్నీ ముందేసుకుని, ఒక్క వాక్యంలో మీ మాట చెప్పండి: ఈ పుస్తకం ఏం చేయాలనుకుంది, ఎంతవరకు చేసింది. ఆ వాక్యం రాకపోతే ఇంకా చదవాల్సింది ఉందని అర్థం. వచ్చాక, దానికి ఉపయోగపడని పరిశీలనలు ఎంత బాగున్నా తీసేయండి.

వివరాల్లో పుస్తకం పేరు, మూలం, కామిక్‌గా రాసినవాళ్లు, గీసినవాళ్లు, రంగులు వేసినవాళ్లు, అక్షరాలు కూర్చినవాళ్లు, అనువాదకులు, ప్రచురణ, సంవత్సరం, పేజీలు, ధర ఇవ్వండి. అట్ట మీద లేని పేర్ల కోసం లోపలి పేజీ చూడండి. చిత్రకారుల పేరు సమీక్ష మొదటి పేరాలోకి రావాలని నా గట్టి అభిప్రాయం. కావ్యాల కామిక్‌లో వాల్మీకి పేరు, షేక్‌స్పియర్ పేరు ఎవరూ మర్చిపోరు. గీసిన మనిషి పేరే జారిపోతుంది.

కథ సారాంశం ఒక్క చిన్న పేరా మించకూడదు. తెలిసిన కావ్యమైతే అదీ అక్కర్లేదు. రామాయణంలో రావణుడు చనిపోతాడని చెప్తే ఎవరి ఆనందమూ చెడదు. పేజీ తిప్పితే ఎదురయ్యే పెద్ద బొమ్మను మాత్రం ముందే వర్ణించేయకండి. తెలిసిన కథలో కొత్తదనం అక్కడే ఉంటుంది.

తీర్పుకు సాక్ష్యం జతచేయండి. మనం ఊహించుకున్న గజేంద్ర మోక్షం కామిక్ మీద రెండు వాక్యాలు చూడండి. "చిత్రకారుడు భావోద్వేగాలను అద్భుతంగా పలికించారు." ఇది ఏ పుస్తకానికైనా అతుకుతుంది. ఇప్పుడిది: "మొసలి పట్టు బిగిసే కొద్దీ గడులు సన్నబడుతూ పోతాయి. ఏనుగు మొరపెట్టే పేజీకి వచ్చేసరికి నాలుగు నిలువు చీలికలు మాత్రమే మిగులుతాయి, ఒక్కోదాంట్లో ఒక్కో కన్ను, ఒక్కో దంతం. ఏనుగు మొత్తంగా మళ్లీ కనిపించేది విష్ణువు వచ్చాకే." రెండో దాంట్లో పొగడ్త మాట ఒక్కటీ లేదు. అయినా చదివినవాళ్లకు ఆ పుస్తకం చూడాలనిపిస్తుంది.

విమర్శకూ ఇదే పద్ధతి. "బొమ్మలు నచ్చలేదు" బదులు, ఏ పేజీలో ఏ ముఖం ఏ ముఖంలా ఉండి తికమకపడ్డారో చెప్పండి. చుక్కలు, పదికి ఇన్ని మార్కులు నేను ఇవ్వను. పదోతరగతి మార్కుల మెమోలా కనపడగానే చదివేవాళ్లు మిగతా వ్యాసం వదిలేస్తారు. అంతకంటే ఎవరికి పనికొస్తుందో చెప్పండి: ఎనిమిదేళ్ల పిల్లకా, మూలం చదివిన పెద్దలకా, బొమ్మలు గీయడం నేర్చుకునే విద్యార్థికా? హింస, రక్తం, భయపెట్టే బొమ్మలుంటే తల్లిదండ్రులకు తెలిసేలా ఒక మాట. క్లాసిక్స్ ఇల్లస్ట్రేటెడ్ సంచికల చివర ఇక మూలం కూడా చదవండి అని పాఠకులకు చెప్పేవారు. మీ చేతిలోని పుస్తకం ఆ ఆకలి పుట్టిస్తుందా, లేక ఇక మూలం అక్కర్లేదు అనిపిస్తుందా అన్నది కూడా రాయదగ్గ విషయం.

9. బొమ్మలు వాడుకోవడం

సమీక్ష పక్కన ఒకటి రెండు గడులు చూపిస్తేనే మీ మాట నమ్మకంగా ఉంటుంది. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విమర్శ, సమీక్షల కోసం కొంత భాగాన్ని న్యాయంగా వాడుకోవడాన్ని ఒప్పుకుంటుంది. వ్యాసంలో ఏ గడి గురించి మాట్లాడుతున్నారో ఆ గడి పెట్టండి, కింద చిత్రకారుల పేరు, పుస్తకం పేరు వేయండి. పదిహేను పేజీల ఫోటోలు వరసగా పెడితే సమీక్ష పేరుతో పుస్తకాన్ని పంచిపెట్టినట్టే. ఇంకో చిక్కు కూడా ఉంది. పోతన పద్యం మీద ఎవరికీ హక్కు లేదు. ఆ పద్యానికి ఈమధ్య గీసిన బొమ్మ మీద మాత్రం హక్కు ఉంటుంది, మన దేశంలో అది గీసినవాళ్ల జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. కథ పాతదే కదా అని బొమ్మ తీసుకోకూడదు.

10. మొదటి సమీక్షకు ఏ పుస్తకం

ఆరొందల పేజీల సిరీస్‌తో మొదలుపెట్టకండి. మూలం మీకు బాగా తెలిసిన చిన్న పుస్తకం తీసుకోండి, 32 పేజీల అమర్ చిత్ర కథ తెలుగు సంచిక అయినా సరే. హైదరాబాద్ వెళ్లే పనుంటే ఆదివారం చూసుకుని కాజీపేటలో పొద్దున్నే రైలెక్కండి, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కామిక్‌లు వెతుక్కోవచ్చు. కొనేముందు మధ్య పేజీలు, పిన్ను దగ్గర ఊడిపోయాయేమో చూసుకోండి. రెండు పేజీల స్ప్లాష్ ఉండేది ఎక్కువగా అక్కడే. ఎంచుకున్న పుస్తకం మీద ఆరేడు వందల మాటలు రాయండి, అందులో సగమైనా బొమ్మ గురించి ఉండేలా చూసుకోండి. రాసింది పంపేముందు, ఆ పుస్తకం చదవని ఒకరికి ఇచ్చి ఒక పేజీ ఎలా ఉంటుందో మీ వర్ణన చూసి కాగితం మీద గీయమనండి. గీతలు వంకరపోయినా ఫర్వాలేదు. గడులు ఎన్ని, ఏది పెద్దది, ఎవరు ఎటు చూస్తున్నారు, ఇవి సరిగ్గా వస్తే పంపేయండి.